అర గ్లాసు మామ, రెండు రంగుల కారు

ఈ ఉదయం కాఫీ గ్లాసు నోటి దగ్గరికి తీసుకెళ్తుంటే చెయ్యి వణికి రెండు చుక్కలు పేపరు మీద పడ్డాయి. సరిగ్గా టమాటా ధరల మీద. మదనపల్లెలో ఒక్క మొక్క కూడా నాటని మాలాంటి వాళ్లం కూడా పొద్దున్నే ముందు చదివేది ఆ ధరలే. మా ఆవిడ చూసింది. ఒక గుడ్డ ముక్క తెచ్చి నా పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఆ చుక్కలు చూసుకుని నవ్వుకున్నాను. రెండేళ్ల కిందటైతే ఆ రోజంతా నాకు అన్నం సహించకుండా చేయడానికి ఆ రెండు చుక్కలు చాలు. గోడ అలమారాలో, అద్దం వెనక, పైన మీగడ రంగూ కింద ముదురు ఎరుపూ వేసుకుని నిలబడిన జానెడు కారు వైపు ఒకసారి చూశాను. నా భయం తీరింది ఆ కారు దగ్గరే. తీర్చినవాడు మా మేనమామ.

నేను ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీశాను. జీవితంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు నా నోట వచ్చిన మాట ఏదంటే, పెళ్లినాటి ప్రమాణం కాదు, ప్రార్థన చివరి ఆమేన్ కాదు, 'కదలొద్దు' అన్న మాట. పెద్దతిప్పసముద్రం నుంచి భుజం జారి వచ్చిన రైతుకైనా, హార్స్లీ హిల్స్ మెట్ల మీద ఫొటో దిగబోయి పడ్డ కొత్త పెళ్లికొడుక్కైనా అదే మాట. రిటైరైన రోజు తోటివాళ్లు గోడ గడియారం ఇచ్చారు. మా అమ్మాయి మాత్రం ఒక అట్టపెట్టె ఇచ్చింది. తెరిస్తే లోపల ప్లాస్టిక్ చట్రాలు, వాటికి కాయల్లా వేలాడుతూ చిన్న చిన్న ముక్కలు. తలుపు, బంపరు, సీటు, గోరంత స్టీరింగు. అవన్నీ కత్తిరించుకుని, అతికించుకుని, రంగులేసుకుంటే పాత కాలపు గుండ్రటి కారు తయారవుతుందట. "నాన్నా, నువ్వు ఊరికే కూర్చుంటే అమ్మ పనిలో తప్పులు పడతావు, ఇది చేసుకో" అంది. తప్పులు పట్టే నా అలవాటు మీద ఇంట్లో అందరికీ అంత గట్టి అభిప్రాయం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మొదటి కారు చెడిపోయింది. రెండోది ఫరవాలేదు. మూడోదానికి నేను పూర్తిగా ఆ పిచ్చిలో పడ్డాను. ఒకే రంగు కారు ఎవరైనా వేస్తారు. అసలు పనితనం రెండు రంగుల ముక్కల్లో ఉంది. బొటనవేలి గోరంత డ్యాష్‌బోర్డు ఉంటుంది, దాని పైభాగం నలుపు, కిందిభాగం మీగడ. సీటు మధ్య ఎరుపు, అంచు తెలుపు. ఆ రెండు రంగులు కలిసే గీత తిన్నగా వస్తే అది కారు, రాకపోతే బొమ్మ. నేను టేపు అంటించేవాణ్ని కాదు. ఒక రంగు మీద టేపు అంటించి రెండో రంగు పులమడం నాకు నామోషీగా ఉండేది. సన్నటి బ్రష్ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క చేత్తో గీత లాగేసేవాణ్ని. నాకు నేనే 'కదలొద్దు' అని చెప్పుకునేవాణ్ని. మా ఆవిడ ఆ మాట విని ఎక్కడిదక్కడ నిలబడిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

నాలుగో కారు తలుపుకి గీత వంకర వచ్చింది. తుడిచి మళ్లీ వేశాను. మళ్లీ వంకర. బ్రష్ ముక్క దగ్గరికి వెళ్లేసరికి దాని కొస ఆడుతోంది. వయసు అనుకున్నాను, చలి అనుకున్నాను, కొత్త కళ్లద్దాలు అనుకున్నాను. కానీ లోపల నాకు తెలుసు నేనేం అనుకోకుండా తప్పించుకుంటున్నానో. మా నాన్న అదే ఆసుపత్రిలో కాంపౌండరు. రిటైరైన కొత్తలో ఒళ్లో చెయ్యి పెట్టుకుని కూర్చుంటే ఆయన బొటనవేలూ చూపుడువేలూ మాత్రలు చుడుతున్నట్టు వాటంతటవే కదిలేవి. పాత అలవాటు పోలేదని ఇంటిల్లిపాదీ నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు. తర్వాత నడక పోయింది, మాట పోయింది, చివరి నాలుగేళ్లు మా అమ్మ ఆయనకు చెంచాతో గంజి పోసింది. నా చెయ్యి వణికినప్పుడు నాకు కనపడింది ఆ చెంచా. మా ఆవిడ చేతిలో ఆ చెంచా.

ఎవరికీ చెప్పకుండా నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. మా అమ్మాయి కంటే చిన్నవాడు. కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గీయమన్నాడు. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయమన్నాడు. సగం నీళ్లు ఆయన బల్ల తాగింది. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుందా అని అడిగాడు, లేదన్నాను. "నాకైతే ఇది మీ నాన్నగారి జబ్బులా అనిపించడం లేదు సార్. కుటుంబాల్లో వచ్చే వణుకు ఒకటుంటుంది, దాంతో చెయ్యి వణుకుతుందే గానీ మనిషికేమీ కాదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా బతికినంతకాలం చెయ్యి వణుకుతూ ఉండిందా?" అన్నాడు. ఆలోచించాను. ఎవరూ లేరన్నాను. "సరే, మూడు నెలలు చూద్దాం" అన్నాడు. అంత చెప్పినా నా చెవిన పడింది ఆ చివరి మాటే. ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రిలో ఉన్నవాడికి 'చూద్దాం' అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ మూడు నెలల్లో నేను బతికింది ఆ కారు మీదే. ఆ ఒక్క గీత తిన్నగా వస్తే నాకేమీ లేనట్టు అని మనసులో పందెం కాసుకున్నాను. చేత్తో రాదని తేలిపోయాక నామోషీ వదిలి టేపు తెప్పించాను. మీగడ రంగు వేసి, ఆరనిచ్చి, టేపు అంటించి, ఎరుపు వేసి, టేపు పీకితే, ఎరుపు కిందికి పాకి అంచంతా వేర్లు దిగినట్టు ఉంది. గీకేసి మళ్లీ వేశాను. మళ్లీ అంతే. మూడోసారి ఆ బల్ల దగ్గరే తల పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. "మీ మామ బతుకంతా రెండు రంగుల బస్సులే కదా ఏసింది. ఆయన్ని అడగరాదా?" అంది. ఆ ఆలోచన నాకు ఎందుకు రాలేదో చెప్పలేను.

మా మేనమామ మా అమ్మకు తమ్ముడు. పుంగనూరులో బస్టాండు వెనక రేకుల షెడ్డులో ప్రైవేటు బస్సులకు రంగులు వేసేవాడు. పైన ఒక రంగు, కింద ఒక రంగు, మధ్యలో ముందు లైటు నుంచి వెనక నిచ్చెన దాకా తాడు లాగినట్టు గీత. ఆ గీత కోసం పలమనేరు నుంచీ చింతామణి నుంచీ కూడా బస్సులు వచ్చేవి. గీతకు కాగితం అంటించేటప్పుడు మాత్రం షెడ్డులో ఇంకో మనిషి ఉండకూడదు. మనుషులు తిరిగితే దుమ్ము లేస్తుందనేవాడు. పనివాళ్లు బయట బీడీలు కాల్చుకుంటూ కూర్చునేవాళ్లు. ఇక మా ఇంటికి వస్తే ఆయనకు అర గ్లాసు కాఫీయే. "సగం పొయ్యక్కా, సగం" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. తమ్ముడికి నిండా కాఫీ కూడా పోయలేని ఇల్లు అనుకుంటారని మా అమ్మ నొచ్చుకునేది. మేము పిల్లలం ఆయనకు అర గ్లాసు మామ అని పేరు పెట్టాం. పొదుపరి అని ఊరంతా అనుకుంది. చర్చిలో ప్రభువు బల్ల రోజు ద్రాక్షరసం పోసిన చిన్న చిన్న కప్పుల పళ్లెం వరసల్లో వస్తే, అందరూ రెండు వేళ్లతో కప్పు తీసుకుంటారు. మామ మాత్రం రెండు చేతులూ కలిపి పట్టుకుని, తల దాదాపు మోకాళ్ల దాకా వంచి తాగేవాడు. భక్తి అంటే అలా ఉండాలని ఒక పాస్టరుగారు ప్రసంగంలో కూడా చెప్పారు.

రంగు మానేశాక ఆయన కుప్పంలో కూతురి దగ్గర ఉంటున్నాడు. కారునూ రంగులూ బ్రష్‌లూ టేపునూ చెప్పుల డబ్బాలో పెట్టి, తువ్వాలు చుట్టి, ఒళ్లో పెట్టుకుని పుంగనూరు మీదుగా వెళ్లే బస్సెక్కాను. ప్రతి గుంతకూ నేను డబ్బాను గాల్లోకి లేపడం కండక్టరు చూశాడు. "ఏముండాదప్పా డబ్బాలో? కోడిపిల్లలా?" అన్నాడు. కారు అన్నాను. "కారు పెట్టుకోని బస్సులో వస్తాండావా?" అని బస్సంతటికీ వినపడేట్టు నవ్వాడు. పుంగనూరు బస్టాండులో మామ షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం కనపడింది.

నేను చేరేసరికి ఇంట్లో మామ ఒక్కడే ఉన్నాడు. మా మరదలు స్కూల్లో పాఠాలు చెబుతోంది. ఆమె భర్త రామకుప్పం వైపు చేలోకి ఏనుగులు దిగి రాగులు తొక్కేశాయని చూసుకోవడానికి వెళ్లాడు. మామ వసారాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు, పక్కన చేతికర్ర. ఎనభై ఏళ్లు. కారును మోకాళ్ల మీద పెట్టుకుని, కళ్లు చికిలించి, ఆ అంచు చూశాడు.

"ఎవురప్పా దీన్ని ఏసింది? అంచు కుక్క నాకినట్టుండాదే."

"నేనే మామా."

"నువ్వేనా? అయితే బాగుండాదిలే" అన్నాడు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. తర్వాత టేపు చుట్ట చేతిలోకి తీసుకుని వాసన చూశాడు, గోటితో గీరి చూశాడు. "ఇంత సన్నటి టేపు మాకు యాడిదప్పా? మైదా జిగురు కాసి పాత పేపర్లు అంటిస్తాంటిమి. తెల్లారేసరికి చీమలు. ఒగసారి మేక దూరి సగం బస్సు కాగితం తినేసిపాయ. ఓనరు వచ్చి, ఇదేంది గీత ఆడికే ఆగిపోయిందే అన్నాడు. ఏం చెప్పేది? మేక ఆడికే తినిందన్నా."

నవ్వడం అయ్యాక అసలు సంగతి అడిగాను, రంగు టేపు కిందికి ఎందుకు పాకుతోందని. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు, ఇంత చదివినవాడికి ఇది తెలియదా అన్నట్టు. "టేపు అంటిచ్చినాంక సీదా ఎర్ర రంగు ఏసేస్తాండావు గదా? ఆడ తప్పు. టేపు అంచుకు ముందు మళ్లా ఆ మీగడ రంగే ఒగ చెయ్యి కొట్టాల. పాకేదేదో ఆ మీగడే పాకతాది, మీగడ మీద మీగడ ఎవురికి కనపడతాది? సందులన్నీ మూసకపోతాయి. ఆ పైన ఎరుపు ఏసుకో. అది లోపలికి పోదామన్నా తోవ ఉండదు." నలభై ఏళ్లు బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఆయన చేసిన పని అదేనట. నేను ఆ మాటను ఒకటికి రెండుసార్లు మనసులో అనుకున్నాను.

పాత రంగు గీకి శుభ్రం చేశాక మామ, "నేను టేపు అంటిస్తా, నువ్వు పోయి కాఫీ పెట్టకరాపో" అన్నాడు. వెళ్లాను. పాలు పొయ్యి మీద పెట్టాను గానీ చక్కెర ఎక్కడుందో దొరకలేదు. అడుగుదామని వసారాలోకి వచ్చాను. మామ టేపు ముక్క పట్టుకుని కారు మీదికి వంగి ఉన్నాడు. టేపు కొస గాలిలో పురుగు రెక్కలా కొట్టుకుంటోంది. గాలి లేదు. కొట్టుకుంటున్నది మామ చెయ్యి. నా చెయ్యి దీనిముందు ఎంత, అంతగా వణుకుతోంది. ఆయన దాన్ని కారు మీద ఆనించాడు, వంకరగా పడింది, పీకాడు, మళ్లీ ఆనించాడు, మళ్లీ పీకాడు. నాలుగోసారి తిన్నగా కూర్చుంది. అప్పుడు తలెత్తితే నేను కనపడ్డాను. చెయ్యి చటుక్కున తువ్వాలు కిందికి పోయింది.

"సూసేసినావా" అన్నాడు.

"ఎప్పట్నుంచి మామా?"

"మీసం రాకముందు నుంచీ."

ఆయనే మళ్లీ అన్నాడు. "చెయ్యి వణికేవాడికి బస్సు గీత ఎవురిస్తారప్పా? అందుకే అందర్నీ బయటికి తోలేస్తాంటి. కాగితాన్ని పదిసార్లు పీకి అంటిచ్చొచ్చు, సూసేవాడు లేకుంటే చాలు. మీ అత్తకు ఒగదానికే తెలుసు. కాఫీ నిండా పోస్తే అంగీ మీద పడతాది, అందుకే సగం."

"ప్రభువు బల్ల దగ్గర?"

"రెండు చేతులూ పట్టుకోకుంటే రసం పక్కనోడి మీద పడతాది గదప్పా. భక్తి గూడా ఉండాదిలే, లేదని కాదు" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "మీ అమ్మకు గూడా ఉండె. సూదిలో దారం ఎక్కియ్యమని నిన్ను పిలస్తా ఉండె గదా. కండ్లు కనపడక అనుకున్నారు మీరు. రెండుసార్లు అద్దాలు మారిస్తిరి పాపం" అన్నాడు.

నేను ఆయన ఎదుట కింద కూర్చుని, నా కుడి చెయ్యి చాపాను. ఒక బ్రష్ అందుకుని పట్టుకున్నాను. కొస ఆడింది. మామ దాన్ని చూశాడు. తువ్వాలు కింది నుంచి తన చెయ్యి తీసి నా చేతి పక్కన పెట్టాడు. రెండూ ఒకే తాళానికి ఆడుతున్నాయి. "నాన్నకు వచ్చిందే నాకూ వచ్చిందనుకున్నా మామా" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"యాల భయపడతాండావు? మీ నాయనది వేరేప్పా. ఆయన చెయ్యి ఊరికే పెట్టుకున్నబ్బుడు ఆడతా ఉండె. గ్లాసు పట్టుకుంటే నిలస్తా ఉండె. మనది ఊరికే ఉంటే పండుకుంటాది, పని ఇస్తేనే ఆడతాది. నేను ఆయన పక్కన కూర్చోని సూస్తిని గదా. నాది ఆడతాది కాబట్టి నేను ముందు సూసేది ఎవురి చేతినైనా. నీది మాదేప్పా. మా ఇంటిదే."

అరవై దాటిన మగవాణ్ని, మనవల్ని ఎత్తే వయసు, ఆ వసారాలో చిన్నపిల్లాడిలా ఏడ్చాను. దుఃఖంతో కాదు. నెలల తరబడి బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలితే అలా వచ్చింది. మామ నన్ను ఏడవనిచ్చి, "ఏందో మాడిపోతాండాది సూడు" అన్నాడు. వంటింట్లో పాలు పొంగి, ఇగిరి, గిన్నె అడుగంటింది. మా మరదలు ఆ గిన్నెను నాకు ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి వేశాం. ఆయన చేతికర్రను రెండు ఇటుకల మీద అడ్డంగా పెట్టించి, మణికట్టు దానిమీద ఆనించమన్నాడు. టేపు అంచుకు మీగడ రంగు నేను వేశాను. ఆరాక ఎరుపు ఆయన వేశాడు. రెండు చేతులూ వణికాయి. రంగు టేపు మీదికి పోయింది, నా చొక్కా మీదికి పోయింది, ఫరవాలేదన్నాడు. ఎరుపు పూర్తిగా ఆరకముందే, వేలికి కొంచెం అంటుతున్నప్పుడే టేపు పీకాలని, పైకి లాగకుండా వెనక్కి మడిచి మెల్లగా లాగాలని చెప్పాడు. నువ్వే పీకు అన్నాడు. నేను పీకాను. తలుపు మీద, దాని పక్క తలుపు మీద, ముందు లైటు దాకా, గీత తిన్నగా వచ్చింది. మనసులో కాసుకున్న పందెం గుర్తొచ్చింది గానీ అప్పటికి దాంతో అవసరం తీరిపోయింది.

వారం తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లి అమ్మ సంగతీ మామ సంగతీ చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. మామ వయసెంత అన్నాడు, ఎనభై అన్నాను. ఎలా ఉన్నారు అన్నాడు. పోయిన వారం కారుకి రంగు వేశాడన్నాను. మళ్లీ ఒకసారి నా చేతులు, నడక, అన్నీ చూసి, "మీ నాన్నగారి జబ్బు కాదు సార్ ఇది. ఇక ఆ మాట మర్చిపోండి" అన్నాడు. ఎక్కువైతే వేసుకోమని చిన్న మాత్ర రాసిచ్చాడు. ఇంటికొచ్చి మా ఆవిడకు మొదటినుంచీ అంతా చెప్పాను. ఆమె అంతా విని, "రెండు నెలలుగా మీకు అర గ్లాసే పోస్తా ఉండాను. సూసుకున్నారా?" అంది. చూసుకోలేదు. తప్పులు పట్టడంలో పేరుమోసిన నాకు నా గ్లాసు కనపడలేదు. ఆమె కూడా ఆ చెంచా గురించే ఆలోచిస్తూ, నాతో ఒక్క మాట అనకుండా ఆ రెండు నెలలూ గడిపిందని అప్పుడు తెలిసింది. ఆ పూట వంట ఆలస్యమైంది.

ఆ ఏడు చర్చిలో కోత పండుగకు మామ మదనపల్లె వచ్చాడు. మా ఆవిడ ఎన్నేళ్లుగానో ఉన్న అలవాటు ప్రకారం ఆయనకు సగం పోసి ఇచ్చింది. మామ గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు, గ్లాసు వెనక్కి చాపాడు. "నిండా పొయ్యమ్మా" అన్నాడు. పోసింది. ఒక్క చేత్తోనే పట్టుకున్నాడు. కొంత తెల్లటి అంగీ మీద పడింది, కొంత నేల మీద పడింది. ఆయన తుడుచుకోలేదు. "ఎంత బాగుండాదమ్మా" అన్నాడు, మా ఇంట్లో అరవై ఏళ్లుగా తాగుతున్న అదే కాఫీని. కాలం ఎవరికి ఎంత పోయాలనుకుంటే అంతే పోస్తుందని, ఇచ్చింది తాగి లేవడమే మన పని అని నేను అనుకునేవాణ్ని. మా మామ మాత్రం ఎనభై ఏళ్ల వయసులో గ్లాసు ముందుకు చాపి, మిగతా సగం అడిగి పోయించుకున్నాడు.